గ్రైండరు బెల్టు

హెచ్.ఎస్.ఆర్. లేఔట్, ఇరవై ఏడో మెయిన్.
కింద చెప్పుల కొట్టు, మధ్యలో పళ్ళ డాక్టరు,
పైన రేకుల గదిలో మా కంపెనీ.
మా అంటున్నాను, అప్పటికి చేరి నాలుగు రోజులు.
ఆదోనిలో ఈరమ్మని. ఇక్కడ ఐడీ కార్డు మీద ఇరా.
పొన్నప్ప కుదించేశాడు,
వెబ్‌సైటు పేరు కుదించినంత సులువుగా.

ఇడ్లీ పిండి అమ్మే సైటు మాది.
రాత్రి పదికి ఆర్డరు, పొద్దున ఆరుకి గుమ్మంలో పాకెట్టు.
కోడు రాద్దామని వచ్చాను.
హెడ్‌ఫోను చేతిలో పెట్టి
"ముందు తిట్లు విను, రాయడం తర్వాత" అన్నాడు.

విన్నాను.
ఏప్రిల్ ఎండలో సిల్క్‌బోర్డు దగ్గర
బండి ఆగితే పిండి ఆగదు కదా,
సంచిలోనే పొంగి, పాకెట్లు పగిలి
డెలివరీ పిల్లాడు మోకాళ్ళ దాకా తెల్లగా వచ్చాడు.
ఆ రోజు నూట పద్నాలుగు ఫోన్లు.
కన్నడంలో తిట్లు, తమిళంలో తిట్లు,
మారతహళ్ళి నుంచి ఒకాయన నెల్లూరు యాసలో.
అవి మాత్రం ఇంటి భోజనంలా ఉన్నాయి.

స్టైపెండు ఎనిమిది వేలు.
బొమ్మనహళ్ళి పీజీకి ఆరున్నర.
మిగిలిందాంట్లో జుబేదాతో బై టూ కాఫీ.
లెక్క వేస్తే నేను కూడా నష్టాల్లో నడిచే సంస్థే.

కానీ ఒకటి గమనించాను.
తిట్టడం అయిపోగానే మనుషులు ఫోను పెట్టెయ్యరు.
కాస్త ఆగి, గొంతు దించి
"ఏం చెయ్యమంటావమ్మా, ఇంట్లో గ్రైండరుంది.
బెల్టు తెగి ఏడాదయింది.
చేసిన కంపెనీయే లేదంట ఇప్పుడు" అంటారు.
ఒకరన్నారు. ఇంకొకరన్నారు.
చెప్పుల కొట్టు బిల్లు వెనక గీతలు పెట్టడం మొదలెట్టాను,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
వినాయక చవితి నాటికి రెండొందల ఆరు.

పొన్నప్పకి చూపించాను.
అప్పటికే ఇన్వెస్టరు ఫోనెత్తడం మానేశాడు,
ఫ్రిజ్జులు రెండు అమ్మేశాం,
వైట్‌బోర్డు మీద పోయినేడాది లక్ష్యాన్ని ఎవరూ తుడవలేదు.
గీతలన్నీ వేలితో లెక్కపెట్టి నవ్వాడు.
"వాళ్ళ గ్రైండర్లు బాగైతే మన పిండి ఎవరు కొంటారు?"
కాసేపు కిటికీలోంచి చూసి,
"ఇది మనది కాదు ఇరా. నీది."

తెరవడం ఎలాగో చెప్పేవాళ్ళు చాలామంది.
మూసెయ్యడం నేను దగ్గరుండి చూశాను.
యశవంతపుర బియ్యం మండీకి తనే ఫోను చేసి
ఎంత ఇవ్వగలడో, ఎప్పుడివ్వగలడో,
ఎంత ఇవ్వలేడో
మూడూ ఒకే గొంతుతో చెప్పాడు.
చివరి నెల స్టైపెండుకి బదులు లేబుల్ ప్రింటరిచ్చాడు.
ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే
కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు.

ఎస్.పీ. రోడ్డు సందుల్లో ఆరు వారాలు తిరిగాను.
అన్నం తింటుంటే చేతికి రబ్బరు వాసన.
సైటు నేనే కట్టాను, ఇప్పుడు రాయనిచ్చేవాళ్ళతో పని లేదు.
రిజిస్ట్రేషన్‌లో పేరు దగ్గర
కర్సరు చాలాసేపు మినుకుమంది.
ఈరమ్మ అని పూర్తిగా కొట్టాను.

మొదటి ఆర్డరు మల్లేశ్వరం, కమలాక్షమ్మ.
ఆ రెండొందల ఆరులో ఆవిడొక గీత.
పంపిన బెల్టు అంగుళం పొట్టి.
ఫోను మోగింది.
ఈసారి తిట్లు ఎవరి తరఫునా కాదు, నావే.
మధ్యలో అడ్డం రాకుండా విని
"తప్పు నాదేనమ్మా" అని చెప్పి
ఇంకో బెల్టు పట్టుకుని మెట్రో ఎక్కాను.

ఆవిడ నానిన మినప్పప్పు గుప్పెడు వేసి స్విచ్చి నొక్కింది.
రాయి కదిలింది.
లోపలెక్కడో గురగుర.
"ముందూ ఇలాగే ఉండేదా అమ్మా?"
ఆవిడ తల వంచి, చెవి దగ్గర పెట్టి విని,
"ఏమోనే, మరిచేపోయాను" అంది.
ఇద్దరం అలాగే వింటూ నిలబడ్డాం.