రెండువందల పద్నాలుగోది

బతూమి రేవులో నవంబరు వాన.
రాత్రి ఒంటిగంట దాటింది.
నా తెరమీద రెండువందల పద్నాలుగు కంప్యూటర్లు,
కొన్ని నిద్రలో, కొన్ని కునికిపాట్లలో.

ఈ పని ఎలాంటిదంటే
పడుకున్నవాళ్ళ తలకింద దిండు మార్చడం.
మెలకువ రాకూడదు, కల చెదరకూడదు.
తెల్లారి మెడ పట్టెయ్యకపోతే
దిండు మారిందని వాళ్ళకి తెలియనే తెలియదు.

రెండేళ్ళ కిందట ఒకసారి
పట్టపగలు నొక్కేశాను.
లెక్కల గదిలో త్సియాలా టైపు చేస్తున్న
జీతాల పట్టిక సగంలో ఆరిపోయింది.
ఇప్పటికీ ఆవిడ మెట్లమీద ఎదురైతే
గోడవైపు తిరిగి గొడుగు దులుపుకుంటుంది,
వాన లేని రోజు కూడా.

అందుకే ముందు చూస్తాను, లోపల ఎవరున్నారని.
లేనివాళ్ళ తలుపే తీస్తాను.
ఉన్నవాళ్ళకి చిన్న చీటీ పంపుతాను.
"తర్వాత" అని నొక్కితే సరే, తర్వాతే.

మూడున్నరకి
రెండువందల పదమూడు పచ్చబడ్డాయి.
ఒక్కటి మిగిలింది. కాటా గది.
నుగ్జార్ లోపలే ఉన్నాడు.
నలభైయొక్క రోజులుగా లోపలే ఉన్నాడు.
నా చీటీకి పంతొమ్మిదిసార్లు "తర్వాత" అన్నాడు.
రూలు ప్రకారం నాలుగింటికి
అడక్కుండా ఆపెయ్యొచ్చు.
మీటమీద వేలు పెట్టి, తీసి,
ఫోను ఎత్తాను.

"వద్దమ్మాయ్, ముట్టుకోకు!
కమలాపళ్ళ లారీలన్నీ దీంట్లోనే ఉన్నాయి,
అక్టోబరు నుంచీ."
సేవ్ చెయ్యలేదా?
"అంటే?"

వాన చప్పుడు. వెనకాల ఓ లారీ హారను.
తెర మూయకపోతే లెక్క ఎక్కడికీ పోదని
ఎవరో చెప్పారట. ఆ ఒక్క మాట పట్టుకుని
నలభైయొక్క రోజులు
దీపం కొండెక్కకుండా కాసినట్టు కాశాడు.

పైన, ఎడమ మూల, అన్నాను.
"ఎవరి ఎడమ? నాదా, దానిదా?"
మీదే.
"పేరు అడుగుతోంది."
ఏదో ఒకటి పెట్టండి.
"ఏదో ఒకటేంటి, పళ్ళు కదా.
నీ పేరేంటమ్మాయ్?"
లమ్జీరా.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

అప్పుడు నొక్కాను.
అక్కడ చీకటైనట్టుంది, ఊపిరి బిగబట్టాడు.
ఏడు నిమిషాలు ఫోను పెట్టలేదు.
మధ్యలో డ్రైవరు మీద అరిచాడు,
బరువు కాగితం మీద రాసుకున్నాడు,
ఏదో పండు ఒలుచుకున్నట్టే ఉంది,
లేదా ఆకలికి నాకలా వినిపించిందేమో.

"వచ్చింది," అన్నాడు.
"అన్నీ ఉన్నాయి. అదే బొమ్మ, అదే గడియారం.
ఇంతకీ ఏం మార్చావు?"

ఏమీ లేదు.

"ఈమాత్రానికా రాత్రంతా కూచున్నావు?"

అయిదింటికి రిపోర్టు పంపాను,
ఎవరూ తెరవని పెట్టెలోకి:
మొత్తం రెండువందల పద్నాలుగు, ఆటంకాలు సున్నా.
కాటా గదిలో నా పేరు మీద
నాలుగువందల టన్నుల కమలాలున్న సంగతి
రాయలేదు.