తొమ్మిదో ప్రశ్న

తొలకరి పడిన మూడోనాడు
జొన్నగిరి ఎర్రచేలల్లో
వంగిన నడుములే పైరు.

నా చంకలో పద్నాలుగు ప్రశ్నల కాగితాలు,
"అనిశ్చితిలో నిర్ణయాలు" అని పైన అచ్చు.
హుసేనమ్మ తలెత్తకుండానే జవాబిస్తోంది.
ఊరు ప్యాపిలి. నలభై ఏడేళ్ళు.
వెతకడం పదకొండో వానకాలం.
దొరికింది ఒకటి,
అది సీసా పెంకు.

"దొరికినవాళ్ళని ఎప్పుడైనా చూశావా?"
"సూడల్యా. వింటి.
మొన్న తుగ్గలి గొర్లాయనకి రెండు లచ్చలంట."
దొరకనివాళ్ళ కబురు ఏ ఊరికీ చేరదని
అంచున రాసుకున్నాను,
నేనే కనిపెట్టినట్టు.
"దొరకనోళ్ళంతా ఈడే ఉండాం గదమ్మా,
ఇంగ ఎవురికి చెప్పాల?"

తొమ్మిదో ప్రశ్న.
ఈరోజు దొరికే అవకాశం నూటికి ఎంత?
పుల్లతో మట్టిగడ్డ చిదిపి అంది:
"ఉంటే నూరు. ల్యాకుంటే సున్న.
నడుమ ఏముంటాది?"
నా కాగితంలో ఉన్నవన్నీ నడిమి గడులే,
పది, ఇరవై, ముప్పై...
ఎక్కడా టిక్కు పెట్టలేక
పెన్ను మూత కొరికాను.

"నీకెన్నేండ్లాయ ఈ కాయితాలు పట్టుకోని?"
ఐదు.
"దొరికిందా?"
ఇంకో రెండొందల మందిని అడగమన్నాడు గైడు.
ఇంత చేశాక వదిలేస్తే ఎట్లా అని
నాన్న అన్నాడు. నేనూ అన్నాను.

ఎండ పక్కకి తిరిగింది.
తడిమన్నులో ఏదో తళుక్కుమంటే వంగాను.
పలుగురాయి.
మళ్ళీ వంగాను.

హుసేనమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.
"ఆ సాలు నేను సూస్తి.
నువ్వు ఈ సాలు పట్టుకో."