పదకొండు సబ్బుముక్కలు

సంచిని ఒక్క వేలికి తగిలించి ఎత్తి చూస్తాడు మేస్త్రీ.
వేలు వంగిందా, సంచి కిందే ఉండిపోతుంది.
దాంతోపాటు ఉండిపోతావో, వదిలేసి ఎక్కుతావో
తేల్చుకో అంటాడు
ట్రక్కు ఇంజను ఆపకుండా.

అందుకని ముందురోజు రాత్రి
రియో గయెగోస్‌లో, మా అక్క వంటగదిలో
టూత్‌బ్రష్ కాడని రంపంతో సగానికి కోశాను.
దువ్వెన విరిచి, పళ్ళు దగ్గరగా ఉన్న సగం ఉంచుకున్నాను.
కంటిమందు సీసా కడిగి షాంపూ నింపాను,
చుక్కలు లెక్కపెట్టుకోవచ్చని.
పేస్టు ట్యూబుని అడుగునుంచి చుట్టుకుంటూ వచ్చి
బట్టల క్లిప్పు పెట్టాను.
తువ్వాలుకి బదులు పిండిసంచి గుడ్డ,
త్వరగా ఆరుతుంది, ఎవరూ ఎత్తుకుపోరు.

సబ్బు దగ్గర చెయ్యి ఆగింది.
మూడు నెలలు. పదకొండు గొర్రెల కొట్టాలు.
జున్ను కోసే తీగతో
బట్టల సబ్బుని పదకొండు ముక్కలు చేశాను.
కొట్టానికొకటి.
ముక్క అరిగేసరికి మనం ఇంకోచోట ఉండాలి.
నా తెలివికి నేనే మురిసి
అక్క వైపు చూశాను.
అక్క ఆవలించింది.

ఎంత చెట్టుకు అంత గాలి అన్నమాట
ఈ దక్షిణాన చెల్లదు.
అసలు చెట్టేదీ?
గాలి మాత్రం ట్రక్కు తలుపు పట్టుకుని గుంజుతుంది
అప్పిచ్చినవాడిలా.

నా సంచికి మేస్త్రీ వేలు వంగలేదు.
వంటమనిషి నెలిదా సంచిని ఎత్తనే లేదు.
ఆవిడకిది పంతొమ్మిదో సీజను.
దారిలో నా సంచి విప్పించి చూసింది.
"పదకొండా!" అంది.
కిటికీ వైపు తిరిగి పడుకుంది.

నా పని ఉన్ని వేరుచెయ్యడం.
మెడది ఇటు, పొట్టది అటు, పేడంటింది అవతల.
సాయంత్రానికి మోచేతులదాకా ఉన్నిజిడ్డు.
ఒకటో ముక్క. రెండో ముక్క.
లెక్క గడియారంలా నడిచింది.
నాలుగోచోట ఒవిదియో కాస్త సబ్బడిగితే
లేదన్నాను.
ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆరో కొట్టం దగ్గర వాన పట్టుకుంది.
తడిసిన గొర్రెకి కత్తెర పెట్టకూడదు.
తొమ్మిది రోజులు.
పని లేకపోతే కూలి లేదు,
మురికికి మాత్రం సెలవు లేదు.
ఆరో ముక్క అయిపోయింది.
ఏడోది గొర్రె మొహం చూడకుండానే అరిగిపోయింది.
ఎనిమిదోదాని మీద చెయ్యి వేస్తుంటే
నెలిదా అంది,
"గొర్రెలకి సర్దుకున్నావు పిల్లా,
వానకి సర్దుకోలేదు."

తన సంచిలోంచి
బొటనవేలంత సీసా తీసింది.
గోళ్ళరంగు. ఎర్రటిది.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
ఒకే కొట్లో కొన్న పద్నాలుగు నీలం బ్రష్షులు
డబ్బాలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి,
ఏది ఎవరిదో బ్రహ్మకే తెలియాలి.
ఒవిదియో బ్రష్షుకి ఒక చుక్క,
మేస్త్రీదానికి అడ్డగీత.
ఊడబోయే బొత్తాం దారానికి ఒక పూత.
కళ్ళజోడు మర వదులైతే అక్కడొక బొట్టు.
చెమ్మ తగలకుండా అగ్గిపుల్లల తలలకి.
రేకుల మీద వాన,
చేతులు మారుతున్న మాతె గిన్నె,
గదంతా ఆ ఘాటు వాసన.

సీసా అడుగున కాస్త మిగిలింది.
"చెయ్యి ఇలా పెట్టు."
ఎడమచేతి చిటికెనవేలు, అదొక్కటే.
"ఇది దేనికి?"
"దేనికీ కాదు" అని
ఆరేదాకా నా వేలు పట్టుకుని
రెండోసారి పూసింది.

ఎనిమిదో ముక్కని విరిచి
సగం ఒవిదియో మంచం మీద పెట్టాను.
అతను అడగలేదు, నేను చెప్పలేదు.
మిగిలింది మూడున్నర, చోట్లు ఐదు.
ఆ తర్వాత లెక్క పెట్టలేదు.

జనవరి చివర ట్రక్కు దిగాను.
సంచి ఏ వేలికైనా లొంగేంత తేలిక.
నా చిటికెనగోటికి కొనమీద
ఎర్రటి గీత ఒకటి,
కిందనుంచి ఎదిగివచ్చిన ఆరు వారాల ఉత్తగోరు.
అక్క చూసి గోళ్ళకత్తెర అందించింది.

ఇంకో వారం పోనీ అన్నాను.