గురువారం సంచి

నా దగ్గర తాళంచెవులు లేవు.
పన్నెండేళ్ళుగా ప్రతి గురువారం వెళ్తున్నా
ఒక్క తలుపూ నా చేత్తో తీసింది లేదు.
ఎవరో తీస్తారు, నా వెనకే మూస్తారు.
నా జీతం జైలుది కాదు, మునిసిపాలిటీది.
బడిపిల్లలకు టీకాలు వేసేవాళ్ళ పద్దులోనే నా పేరూ.

గేటు దగ్గర బ్రూరే సంచి బోర్లించి లెక్కపెడతాడు.
కత్తెర ఒకటి. సూదులు పద్నాలుగు. బీపీ పట్టీ ఒకటి.
బయటికొచ్చేటప్పుడు మళ్ళీ అదే లెక్క,
వాడిన సూదులతో సహా.
"ఏమైందట వాడికి?" అంటాడు మాటవరసకి.
"మంచు గట్టిగానే పడేట్టుంది" అంటాను.
మొదట్లో గదిలోపలే నిలబడేవాడు.
అతన్ని గుమ్మం అవతలికి పంపడానికి
నాకు రెండేళ్ళూ, పదకొండు ఉత్తరాలూ పట్టాయి.

డిసెంబరు.
మా ఉత్తరపు కొసన సూర్యుడు నవంబరులో సెలవు పెడితే
జనవరి దాకా పనిలోకి రాడు.
మధ్యాహ్నం పన్నెండుకి సముద్రం మీద
ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా కాస్త నీలం, అంతే.

యోస్తైన్ చొక్కా చేయి పైకి మడుస్తాడు.
చేపల ఫ్యాక్టరీలో మంచుపెట్టెలు మోసిన చేయి,
ఒక రాత్రి తాగి స్టీరింగు పట్టిన చేయి.
కోర్టు తీసుకున్నది అతని ఐదేళ్ళు.
మూత్రపిండాల ఊసు తీర్పులో ఎక్కడా లేదు.
వాటికోసమే నేనొచ్చేది.
ట్యూబు మీద పేరు రాస్తాను, పుట్టిన తేదీ రాస్తాను.
ఖైదీ నంబరుకి అక్కడ గడి లేదు.

ఉదయం ఎనిమిదింటికే
మాగ్న్‌హిల్ద్ ఇంట్లో ఉన్నాను.
చక్కెర జబ్బు, మడమ మీద మానని పుండు.
కట్టు విప్పుతుంటే
గోడమీద కొడుకు, పడవ అంచున నిలబడి
ఎవర్నో చూసి నవ్వుతుంటాడు.
ఫోటోలో ఇరవై నాలుగు. ఇకమీదటా ఇరవై నాలుగే.

ఊరు చిన్నది. రోగులు తక్కువ, నర్సులు మరీ తక్కువ.
సంచి ఒక్కటే.

పోయిన అక్టోబరులో
పట్టీ చుట్టబోతే చేయి వెనక్కి లాక్కుంది.
"ఇవాళ గురువారం కదా" అంది.
అవునన్నాను.
"ఇదే పట్టీయా?"
అబద్ధం నాలిక దాకా వచ్చింది.
"తుడిచాను" అన్నాను, ఎంత చెత్త జవాబో
ఆ మాట నోరు దాటాక గానీ తెలియలేదు.
తలుపు చూపించింది.

రెండు గురువారాలు బెల్లు కొట్టి, మెట్ల మీద నిలబడి
కారులోకి తిరిగి వచ్చాను.
ఆఫీసులో వేరే పట్టీ అడిగితే
వచ్చే ఏడాది బడ్జెట్టులో చూద్దామన్నారు.
మూడో గురువారం తలుపు తీసి ఉంది.
టేబుల్ మీద మోచేయి ఆనించి, చొక్కా చేయి
భుజం దాకా మడిచి కూర్చుంది.
కాఫీ ఇవ్వలేదు. మాట్లాడలేదు.
నేను గాలి కొడుతుంటే మాత్రం
పట్టీ బిగుసుకోవడాన్ని
కళ్ళార్పకుండా చూసింది.

ఆ తర్వాత ఎప్పుడో, బూట్లు వేసుకుంటుంటే వెనకనుంచి,
"నిద్ర పడుతోందా వాడికి?"

అదే రోజు మధ్యాహ్నం, నేలవైపు చూస్తూ అతను:
"ఆవిడ కాలు ఎలా ఉంది?"
ఊరంతా తెలిసిన సంగతే, కుంటుతోందని.

ఇద్దరికీ ఒకే మాట చెప్పాను:
అది నేను చెప్పకూడదు.
ఆ మాట చెప్పడానికే నన్ను లోపలికి రానిస్తారు,
ఆ ఇంట్లోకీ, ఈ ఇంట్లోకీ.

సాయంత్రం లాబుకి వెళ్ళే దారిలో
పక్క సీట్లో చల్లటి డబ్బా, లోపల ట్యూబులు.
మలుపు తిరిగినప్పుడల్లా
ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు.
రేడియో పెట్టాను.
కాసేపటికి కట్టేశాను.