గేటు లేచినప్పుడు

మనుషుల్ని నేను బరువును బట్టి గుర్తుపడతాను.
ముఖాలు తర్వాత.

మలక్‌పేటలో నా వీపు మీద కూర్చున్నవాడు
యాభై నాలుగు కిలోలు,
అందులో సగం భయం, పావు ఆకలి.
రాత్రిళ్లు అన్నం మానేసి
నా తొట్టిలో దాణా వైపు చూసేవాడు.
అక్కడ నాకు పొడుగాటి ఇంగ్లీషు పేరు.
మైకులో సగమే వినపడేది,
మిగతా సగం డెక్కల కింద పోయేది.

ఏడో పందెంలో ముక్కు నుంచి నెత్తురు.
ఎనిమిదో పందెంలో మళ్లీ.
డాక్టరు చేతులు కడుక్కున్నాడు, అంతే.
మాలేగాం జాతరలో గాడిదలకీ ఒంటెలకీ నడుమ కట్టేశారు.
పళ్లు చూసినవాళ్లు చాలామంది.
ముక్కులోకి చూసినవాడు ఒక్కడే,
పోశెట్టి చిలుకేవార్.
చూసి, బేరం ఇంకో నాలుగు వేలు దించాడు.

ధర్మాబాద్‌లో గాలికి పళ్లున్నాయి.
మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు విప్పితే
ఊరంతా ఒక్కసారే తుమ్ముతుంది,
కొందరు తెలుగులో, కొందరు మరాఠీలో.
నేను తుమ్మితే మాత్రం పోశెట్టి ఉరికొస్తాడు.
భుజం మీది తెల్ల టవల్‌తో నా ముక్కు తుడిచి
బల్బు కింద పట్టి చూస్తాడు.
ఎర్రగా ఉంటే
నాలిక కొసకు తాకించుకుంటాడు.
కారంగా ఉంటే నవ్వుతాడు.

ఇక్కడ నా పేరు ఏయ్.
పెళ్లివాళ్ల ముందు రాణి.
నెత్తిన ఈకలు, మెడకు గజ్జెలు, చెవి పక్కన బ్యాండు.
వంద అడుగుల నడక, పావుగంట ఆగుడు.
పెళ్లికొడుకులు అత్తరు పూసిన బస్తాలు.

ఆ రాత్రి ఎక్కినవాడు లింబాద్రి,
యార్డులో కాంటా వేసే పిలగాడు.
డెబ్బై ఎనిమిది.
తన బరువు తనకు తెలిసిన మొదటి పెళ్లికొడుకు.

స్టేషను దగ్గర గేటు పడింది.
ముద్ఖేడ్ వైపు నుంచి గూడ్సు.
బ్యాండువాళ్లు సన్నాయి కిందపెట్టి బీడీ ముట్టించారు.
నా ముందు ఇనుము.
అటొకటి ఇటొకటి మోటారు సైకిళ్లు
ముక్కులు ముందుకు పెట్టి వణుకుతున్నాయి.
ఈ ఆగుడు నాకు తెలుసు.
ఈ ఇనుము వాసన తెలుసు.
ఆఖరి డబ్బా పోయింది,
గొలుసు గలగలమంది,

గేటు లేచింది.

ఎవరూ నన్ను అడగలేదు. నన్ను నేను కూడా.
పోశెట్టి చేతిలోంచి కళ్లెం జారింది,
లైట్లు మోసే పిల్లలు కాలవలోకి దూకారు,
ఈకలు ఎటో పోయాయి.
మొదట లింబాద్రి బస్తాయే.
అవ్వా అని కేక పెట్టాడు,
బాసింగం జారి ఒక కన్ను మూసేసింది.
తర్వాత, ఆరబోసిన మిర్చి కల్లాల దగ్గర,
వాడి మోకాళ్లు నాతో మాట్లాడాయి.
నడుం వంగింది.
జూలులో ముఖం దాచుకున్నాడు.
రోజంతా పరాయి బరువులు తూచే మనిషి
తనది ఎక్కడో దింపేశాడు.
యాభై నాలుగు. ప్రమాణం చేసి చెప్తాను,
యాభై నాలుగే.

ఎక్కడో ఒక గుంజ ఉండాలి, తెల్లది,
అది దాటితే చాలు అనేది.
గోదారి వైపు బాటకు గుంజల్లేవు.
గుంజ పాతకపోతే గుర్రానికి
ఆగడం ఎవరు చెప్పాలి?

తుమ్ము చెప్పింది.

వాడి తెల్ల పంచె మీద చుక్కలు.
లింబాద్రి దిగలేదు. చెవి దగ్గర మెల్లగా అడిగాడు:
"ఇంగొంచెం పోదమా?"

వెనక మోటారు సైకిళ్ల వెలుగు వచ్చింది.
దానికన్నా ముందు, చెప్పుల్లేకుండా, పోశెట్టి వచ్చాడు.
పెళ్లికొడుకును చూడనేలేదు.
టవల్ నా ముక్కు కింద పెట్టాడు.
నాలిక కొసకు తాకించుకున్నాడు.
మళ్లీ తాకించుకున్నాడు.

లింబాద్రి పెళ్లికి నడిచి పోయాడు.
కిరాయిలో సగం కోసి ఇచ్చారు.
ఆ టవల్‌ను పోశెట్టి భార్య రెండుసార్లు ఉతికింది.

ఇప్పుడు తెల్లారుజామున గూడ్సు పోతుంటే
నా చెవులు వాటంతట అవే లేస్తాయి.
పక్కన మంచం మీద పోశెట్టి
కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి
తాడు తడిమి చూసుకుంటాడు.