కాల్చే ముందు

కాపులుప్పాడ చెత్తకుప్పల మీదుగా గాలి తిరిగిన రోజు
చక్రం ముందు కూర్చోను.
ఆ వాసన వేళ్ళలోకి దిగి
గిన్నె అంచు వంకరపోతుంది.
"వోసన కేటి సేస్తాదమ్మా, నీ మనసే వంకర"
అంటుంది అసిరితల్లి, మన్ను తొక్కుతూ.

మన్ను కొన్నదే.
ఎర్రమట్టి దిబ్బల నుంచి పిడికెడు తేలేదు.
ఒకసారి చెప్పుకి అంటుకుని వచ్చింది.
దులపడానికి మళ్ళీ అంత దూరం వెళ్ళానంటే
ఎవరూ నమ్మరు.

పూతకి బూడిద సరుగుడుది,
భీమిలి రోడ్డులో ఇడ్లీ కొట్టు పొయ్యి కిందది.
జల్లించి, నానబెట్టి, తేట వంపి, మళ్ళీ నానబెట్టి
మూడో నీటికి గానీ జారుడు వదలదు.
వంపిన తేటతో అంట్లు తోముకుంటాం.
ఆల్చిప్పలు జాలరిపేట పోలమ్మవి.
డబ్బు వద్దంది, చేపల పులుసుకి ఓ దాక చాలంది.
నా రాతిమన్ను పొయ్యి మీద పెడితే పగులుతుందని,
ఆ పని సంతలో దొరికే ఎర్రకుండే చెయ్యగలదని
రెండేళ్ళుగా చెప్పలేకపోతున్నాను.

పన్నెండువందల నలభై డిగ్రీలు.
ఆ అంకె దగ్గర నా గొంతు తగ్గుతుంది.
బూడిద గురించి, ఆల్చిప్పల గురించి
ఎంత చెప్పుకున్నా
గ్యాసు బండలు రెండున్నర.
ఆ మంట నాదే.
అందుకే బట్టీ నిండేదాకా వెలిగించను.
టీ కొట్టు నూకినాయుడు నలభై కప్పులడిగి
ఏభై రోజులైంది.
"ఏటమ్మా, కప్పులా, కాన్పా?" అని ఫోను.

నిన్న రాత్రి నలభై మూడూ బల్ల మీద.
ఒక్కొక్కటీ ఎత్తి, గోటితో మీటి,
పెదవికి ఆనించి చూశాను.
ఇప్పుడు నీళ్ళలో వేస్తే
తెల్లారేసరికి మళ్ళీ మన్ను.
కాలిందా, ఇక నా మాట వినదు.
తొట్లకొండ మీద వానకి తేలిన పెంకొకటి చూశానొకసారి.
రెండువేల ఏళ్ళట.
అడుగున ఎవరిదో బొటనవేలి గీత,
తుడవడం మరిచిపోయినట్టు.

తొమ్మిది కప్పులు బకెట్లో వేశాను.
బుడగలు.
కాసేపు కప్పులాగే నిలబడి
తర్వాత ఒక్కో అంచూ వదిలేశాయి,
నిద్రలో పిల్లాడి పిడికిలి విడినట్టు.

పొద్దున్న అసిరితల్లి లెక్కపెట్టింది.
"ముప్పైనాలుగే. ఆడికి ఆరు తక్కువ."
"ఆరుగురు ఆగుతారు."
"పొద్దున్నే టీకి ఎవులాగుతారమ్మా?"

నేను బకెట్లో మోచేతిదాకా పెట్టి కలుపుతున్నాను.
పోర్టు వైపు నుంచి ఓడ కూత.
అసిరితల్లి తన స్టీలు గ్లాసులో టీ పోసుకుంది.
మేనత్త పెట్టిన గ్లాసు, పేరు చెక్కి ఉంది,
అంచున చిన్న సొట్ట.
నా వయసుంటుంది దానికి.

నేను చూడనట్టు
మన్ను కలుపుతూనే ఉన్నాను.