నాలుగు డబ్బాల నలుపు

మే నెల, గుంటూరు.
ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే గోడ మీద
చీకటి వెయ్యమని పని.

జువాలజీ మ్యూజియం బయటి గోడ, ఇరవై అడుగులు.
మొదటి రోజే మూడు డబ్బాల నలుపు తాగేసింది.
గ్రేస్ సులోచన మేడమ్ జిరాక్సు కాగితాలిచ్చింది,
ప్రతి చేప పక్కనా పెన్సిల్‌తో కొలత.
"సుభానీ, పెద్దవి చెయ్యకు" అంది.
యార్డు బోర్డుల మీద ఆరడుగుల మిరపకాయ దించిన చెయ్యి నాది,
చిన్నగా వెయ్యమంటే వణికింది.

కోరపంటి చేప నా జానెడు కూడా లేదు.
నోరు మూస్తే ఆ కింది కోరలు ఎక్కడికి పోతాయని అడిగా.
మెదడుకి అటొక ఒర, ఇటొక ఒర ఉంటాయట.
తన కత్తి తన తలలోనే దోపుకుని తిరుగుతుంది.

సంచినోటి పాముచేపకి ఒళ్ళంతా తోకే,
నోరు మాత్రం ఖాళీ టిక్కీ.

గాలం చేప ఆడది. నెత్తిన దీపం,
పొట్ట కింద వేలాడుతూ వేలెడంత మొగుడు.
కరిచినవాడు కరిచినట్టే ఆమె చర్మంలో కలిసిపోయాడట.
సున్నం గీకే ఏసోబు ఈ మాట విని
టీ చల్లారేదాకా మాట్లాడలేదు.

ఇక రాతిలో దొరికినవాడు.
ఏడు కోట్ల ఏళ్ళ కిందటివాడు.
పైదవడలో రెండు కోరలు, కాస్త పుర్రె, అంతే.
"రంగు?"
"ఎవరు చూశారు? నీ ఇష్టం."
"ఎంత లోతులో తిరిగాడు?"
"అదీ సరిగ్గా తెలీదు."
ముప్పై ఏళ్ళ పనిలో ఇంత స్వేచ్ఛ ఎవరూ ఇవ్వలేదు.
ఎరుపు వేశా.
ఎండబెట్టి, తొడిమ తీసిన ఎరుపు.

మేడమ్ చాలాసేపు చూసింది.
తప్పయిందేమో అనుకున్నా.
"అంత లోతుకి ఎర్ర వెలుగు దిగదు సుభానీ.
అక్కడ ఎరుపన్నా నలుపన్నా ఒకటే.
కంటి కింద ఎర్రదీపం ఉన్న చేప ఒకటుంది,
అది చూస్తే తప్ప వీడు ఎవరికీ కనపడడు."

రోడ్ల పక్కన, తుమ్ముల్లో, నా గోళ్ళ సందుల్లో
ఊరంతా ఎరుపే మాది.
మొత్తం గోతాలకెత్తి అక్కడికి దించితే
ఒక్క కాయ కనపడదన్నమాట.

సాయంత్రానికి నాలుగో డబ్బా అయిపోయింది.
ఇంకా రెండడుగుల గోడ తెల్లగా మిగిలింది.
రంగుల కొట్టు మూసేశారు.
ఎర్ర డబ్బాలో సగం ఉంది.

మేడమ్‌ని అడగలేదు.
మిగతా చీకటి దాంతోనే వేశా.